బడిలో మాట, బ్రతుకున ధైర్యము

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, గ్రామపెద్దలు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పల్లెలలో ఒక బిడ్డను మెచ్చుకొనవలసి వచ్చినపుడు "పాపము, నోట్లో నాలుక లేనివాడు, పెద్దలయెదుట పెదవి కదల్పడు" అని చెప్పుట వాడుక. వినయము మంచిదే. పెద్దలయెడ గౌరవము మంచిదే. కాని పలుకలేకపోవుట వినయము కాదు. వినయము గలవాడు మాటాడగలిగియు అదను చూచి మాటాడును. భయపడినవాడు మాటాడవలసిన అదనునందును మాటాడలేడు. ఈ రెండింటికి గల భేదమును గుర్తింపక, భయమునే వినయమని మనము చిరకాలముగా మెచ్చుచున్నాము.

ఈ మెచ్చుకోలునకు వెల చెల్లించువాడు ఆ బిడ్డయే. హిందూపురము పట్టుగూళ్ల అంగడిలో తన గూళ్లకు పొరుగువాని గూళ్లకంటె ధర యేల తగ్గినదని అడుగలేని రైతు, ధర్మవరమున కూలి లెక్కలో తేడా కనబడియు ఆసామి యెదుట నోరు మెదపలేని నేతకార్మికుడు, పెనుకొండ ఆసుపత్రిలో బిడ్డకు జ్వరము ఎన్నడు మొదలైనదో వైద్యునకు వరుసగా చెప్పలేక తడబడు తల్లి, వీరందరును ఒకప్పుడు బడిలోనో, బడి గడపకు వెలుపలనో మౌనముగా కూర్చుండిన బిడ్డలే.

ఈనాడు నేను మనవిచేయదలచిన విషయ మొక్కటే. మాటాడు నేర్పును, ఆత్మవిశ్వాసమును పుట్టుకతో వచ్చు వరములు కావు. అవి లెక్కలవలె, వ్రాతవలె బడిలో నేర్పదగిన విద్యలు. వాటిని నేర్పుటకు మేడలు, విలువైన యంత్రములు అక్కరలేదు. ప్రతి బిడ్డకును ప్రతి వారమును మాటాడు వంతు, ఆ మాటను ఓపికతో వినువారు ఉండిన చాలును.

రెండువందల యేండ్లనాటి సాక్ష్యము

ఈ విషయమున మన ప్రాంతమునకే చెందిన యొక పాత సాక్ష్యము కలదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో రాజధాని యంతటను దేశీయ పాఠశాలల స్థితిని విచారింపుమని ఉత్తరువు చేసెను. అప్పుడు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. అనంతపురము వేరు జిల్లాగా ఏర్పడినది 1882లోనే. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన తన నివేదికను పంపెను.

ఆ నివేదిక ప్రకారము జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. తక్కినవి మరాఠీ, పారశీ, సంస్కృత, తమిళ బడులు. ఆంగ్లపు బడి యొక్కటి. జనసంఖ్యలో వేయింటికి ఏడుగురికంటె కొంచె మెక్కువ మంది మాత్రమే బడికి పోవుచుండిరి. అంతమందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

సంఖ్యలకంటె క్యాంబెల్ వ్రాసిన రెండు విషయములు మనకు ముఖ్యములు. మొదటిది లోపము. బాలురు పద్యములను వందలకొలది వల్లించుచున్నారు, కాని వాటి అర్థము చిలుకకు తెలిసినంతకంటె వారికి ఎక్కువ తెలియదు, ఆ గ్రంథముల భాష వారు నిత్యము మాటాడు భాష కాదు అని ఆయన విచారించెను. రెండవది గుణము. ముందు నేర్చిన పిల్లలు వెనుక వచ్చిన పిల్లలకు నేర్పుచు, ఆ నేర్పుటలో తమ చదువును గట్టిపరచుకొను పద్ధతి ప్రశంసనీయమని, దానిని ఇంగ్లండు అనుకరించుట తగినదేయని ఆయన వ్రాసెను.

రెండువందల యేండ్లు గడచినవి. బడులు ఊరూర వెలసినవి. ఆడపిల్లలు మగపిల్లలతో సరిగా బడికి వచ్చుచున్నారు. ఇది సామాన్యమైన విజయము కాదు. కాని మన తరగతిగదులలో ఆ చిలుక యింకను పూర్తిగా పోలేదు. పద్యమునకు బదులు ప్రశ్నోత్తరముల పుస్తకము వచ్చినది, వల్లెవేయుట నిలిచియున్నది. మెచ్చదగిన రెండవ గుణమును మాత్రము మనము చాలచోట్ల మరచితిమి.

చట్టము చెప్పిన మాట

బిడ్డ మాటకు విలువ నిచ్చుట నేడు ఉపాధ్యాయుని దయపై ఆధారపడిన విషయము కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, తనకు సంబంధించిన విషయములలో తన అభిప్రాయము చెప్పుకొను హక్కు బిడ్డకు కలదని ప్రకటించినది. భారతదేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము మరింత స్పష్టముగా చెప్పుచున్నది. దాని 29వ విభాగము ప్రకారము చదువు బిడ్డను భయమునుండి, ఆందోళననుండి విముక్తుని చేయవలెను. తన భావములను స్వేచ్ఛగా చెప్పుటకు తోడ్పడవలెను. సాధ్యమైనంతవరకు మాతృభాషలో సాగవలెను. 17వ విభాగము దేహదండనను, మానసికముగా వేధించుటను నిషేధించినది. తప్పుగా పలికిన బిడ్డను తరగతి యెదుట గేలిచేయుటయు వేధింపే యని మనము గ్రహింపవలెను. బెత్తపు దెబ్బ మానినను మానవచ్చును. నవ్వులపాలైన మాట నాలుకపై ఏండ్లకొలది గడ్డకట్టి యుండును.

ఇంటి మాట, బడి మాట

భావప్రకటన యన్నంతనే చాలమందికి వేదికపై గంభీరోపన్యాసము స్ఫురించును. నిజమునకు దానికి నాలుగంగములు కలవు. ఎదుటివాని మాట వినుట మొదటిది. విన్నదానిని, చూచినదానిని మనస్సున వరుసగా పేర్చుకొనుట రెండవది. వినువానికి తెలియునట్లు చెప్పుట మూడవది. తెలియనిదానిని సిగ్గుపడక అడుగుట నాలుగవది. ఈ నాలుగును బిడ్డకు మొదట ఇంటి భాషలోనే అలవడును.

మన ప్రాంతము పలుభాషల కూడలి. హిందూపురము, మడకశిర వైపు ఎన్నో ఇండ్లలో కన్నడము, పట్టణములలో ఉర్దూ, తండాలలో సుగాలీల భాష వినవచ్చును. తెలుగు బిడ్డ మాటాడు తెలుగైనను పుస్తకములోని తెలుగు కాదు. పుస్తకమున వేరుశనగ యని యుండును. ఇంటిలో బిడ్డ "చెనిక్కాయలు" అనును. కన్నడపు బిడ్డ "కడలెకాయి" యనును. ఉర్దూ బిడ్డ "మూంగ్‌ఫలీ" యనును. ఇచట ఉపాధ్యాయునికి రెండు దారులు కలవు. "అట్లనరాదు, సరిగా పలుకుము" అని గద్దించుట ఒక దారి. అట్లు గద్దింపబడిన బిడ్డ మరునాడు చేయెత్తడు. ఆ పేర్లన్నింటిని నల్లబల్లపై వరుసగా వ్రాసి, "ఒకే పంటకు ఎన్ని పేర్లున్నవో చూచితిరా?" అని చెప్పి, వాటితోపాటు పుస్తకపు పేరును, ఆంగ్లపు పేరును నేర్పుట రెండవ దారి. ఈ రెండవ దారిలో ఏ బిడ్డయు తన యింటి మాటకు సిగ్గుపడదు. క్రొత్త మాట నేర్చుటయు మానదు.

బహుభాషలు బరువు కావనుటకు పెనుకొండయే నిదర్శనము. సరస్వతీపుత్రులు పుట్టపర్తి నారాయణాచార్యులుగారు (1914-1990) ఆ ఊరిలో పెరిగిరి. పండ్రెండేండ్ల ప్రాయముననే, తమ కనులయెదుటనున్న శిథిలమైన కోటను చూచి, "పెనుగొండ లక్ష్మి" యను కావ్యమును రచించిరి. తరువాత వారు విద్వాన్ పరీక్షకు కూర్చుండినపుడు అదే కావ్యము వారికి పాఠ్యగ్రంథ మగుట ప్రసిద్ధ విషయము. ఆంగ్లసాహిత్యమును వారు పెనుకొండలోనే ఒక ఆంగ్లవనిత యొద్ద అభ్యసించిరి. పిదప పెక్కు భాషలలో పండితులైరి. అట్టి ప్రతిభ అందరికి నుండదు. కాని వారి బాల్యము మనకు నేర్పునది ఒకటి కలదు: తన ఊరిని గూర్చి, తాను చూచినదానిని గూర్చి చెప్పదగిన మాట ప్రతి బిడ్డయొద్దను ఉండును.

ఆంగ్లమును గూర్చి యొకమాట. ఆంగ్లమాధ్యమమున చదువు గ్రామీణ బాలలు నేడు ఎందరో కలరు. ఆంగ్లము రాదని వారు మౌనము వహించుట చూచుచున్నాము. ముందుగా తనకు తెలిసిన భాషలో విషయమును చెప్పనిచ్చి, ఆ తరువాత అదే విషయమును ఆంగ్లమున రెండు వాక్యములలో చెప్పించినచో భయము తగ్గును. చెప్పుటకు విషయమున్న నాలుకకు క్రొత్తభాష త్వరగా అలవడును.

వంతుల లెక్క

స్వాతంత్ర్యదినోత్సవమునాడు వక్తృత్వపు పోటీ జరుగును. ముగ్గురు మాటాడుదురు, తక్కినవారు చప్పట్లు కొట్టుదురు. మరుసటి యేడును ఆ ముగ్గురే. పోటీ మంచిదే, కాని అది మాట వచ్చినవారిని ఏరునదేగాని మాట రానివారికి నేర్పునది కాదు.

దీనికి బదులు చిన్న లెక్క యొకటి వేయుదము. తరగతిలో 30 మంది యున్నారనుకొనుడు. దినమునకు 15 నిమిషములు కేటాయించినచో అయిదుగురు చొప్పున మాటాడగలరు. ఒక్కొక్కరికి రెండు నిమిషములు చెప్పుటకు, ఒక నిమిషము తోడివారు ప్రశ్న లడుగుటకు. ఆరు పనిదినములలో 30 మంది వంతులు పూర్తియగును. ఎగువ ప్రాథమిక తరగతులకు చట్టము నిర్దేశించిన పనిదినములు 220. అనగా ప్రతి బిడ్డకును ఏటికి 36 పర్యాయములు నలుగురియెదుట నిలిచి మాటాడు అవకాశము కలుగును. ముప్పదియారు పర్యాయములు నీటిలో దిగినవానికి ఈత రాకపోదు.

సిగ్గరి బిడ్డను మొదటినాడే ముందునకు పిలువరాదు. మొదట ప్రక్కనున్న బిడ్డతో చెప్పింపుడు. తరువాత నలుగురి గుంపులో. ఆ పిమ్మట తరగతిలో. నత్తిగల బిడ్డకు ఎక్కువ సమయ మిండు. ఆ మాటను మీరు పూర్తిచేయకుడు. వినికిడి తక్కువైన బిడ్డను ముందు వరుసలో, మాటాడువారి ముఖము కనబడునట్లు కూర్చుండబెట్టుడు.

ప్రశ్న వేసిన పిదప ఆగుటయు ఒక విద్యయే. అమెరికాదేశమున మేరీ బడ్ రో అను విద్యావేత్త తరగతిగదులను పరిశీలించి, 1970వ దశకమున ప్రకటించిన విషయమిది. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక సెకను మాత్రమే ఆగుచున్నారు. మూడు సెకనులు ఆగినచో జవాబులు దీర్ఘమగుచున్నవి. అంతవరకు పలుకని పిల్లలును పలుకుచున్నారు. పైసా ఖర్చులేని ఈ సంస్కరణను రేపటినుండియే మొదలుపెట్టవచ్చును.

ఏమి మాటాడవలెను? తెలిసినదానిని మాటాడవలెను. ధర్మవరపు బిడ్డ పడుగు, పేక యనగా నేమో, కండెలు చుట్టుట యెట్లో, ఒక పట్టుచీర మగ్గము దిగుటకు ఇంటిలో ఎవరెవరు ఏయే పని చేయుదురో చెప్పవలెను. హిందూపురపు బిడ్డ చింతపండు అంగడిలో తూకమును, బేరమును గూర్చి చెప్పవలెను. పెనుకొండ బిడ్డ 1565 నాటి యుద్ధము తరువాత విజయనగర ప్రభువులు తమ ఊరిని రాజధాని చేసికొన్న కథను, గగనమహలును తోడిపిల్లలకు చూపుచు చెప్పవలెను. ఆ సమయమున ఉపాధ్యాయుడే శ్రోత. తాను ఎరుగని విషయమును బిడ్డ చెప్పగా ఉపాధ్యాయుడు శ్రద్ధతో విన్ననాడు ఆ బిడ్డ మనస్సున కలుగు గౌరవభావమే ఆత్మవిశ్వాసమునకు మొదటి విత్తనము.

తెర వెనుక ధైర్యము

కొందరు బిడ్డలకు పదిమంది కన్నులు తమపై పడుటయే భయము. వారికొక చక్కని ఉపాయము మన యింటి వాకిటనే కలదు. ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు పేరుపొందిన గ్రామము. అచటి కళాకారులు శ్రీ దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తెరపై బొమ్మ ఆడును. తెర వెనుక మనిషి మాటాడును. చూపరుల కన్నులు బొమ్మపై నుండును.

ఈ కళను తరగతిలోనికి తెచ్చినచో సిగ్గరి బిడ్డయు ధైర్యముగా పలుకును. అట్టముక్కతో చేసిన బొమ్మ, పాత చీరతో కట్టిన తెర చాలును. కేంద్రప్రభుత్వము 1979లో స్థాపించిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము బొమ్మలాటను బోధనలో వాడు పద్ధతిని ఉపాధ్యాయులకు నేర్పుచు వచ్చినది. కొన్నినాళ్లు తెర వెనుక పలికిన గొంతు క్రమముగా తెర ముందునకు వచ్చును.

క్యాంబెల్ మెచ్చిన పాతపద్ధతి, అనగా పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుట, అట్టిదే మరియొక సాధనము. అయిదవ తరగతి బిడ్డ ఎంత బెదురుగలదైనను ఒకటవ తరగతి బిడ్డయెదుట బెదరదు. అచట తానే పెద్ద. ఒకే గదిలో రెండు మూడు తరగతులున్న చిన్న బడులలో దీనిని లోపముగా గాక లాభముగా మలచుకొనవచ్చును. మదనపల్లె సమీపముననున్న ఋషివ్యాలీ విద్యాసంస్థ వారు చుట్టుపట్ల గ్రామములలో నడపిన చిన్న బడులలో, వేర్వేరు తరగతుల పిల్లలు కలిసి కూర్చుండి చదువుకార్డులతో ఎవరి వేగమున వారు నేర్చు పద్ధతిని రూపొందించి చూపిరి. తరువాత అది యితర రాష్ట్రములకును మార్గదర్శక మైనది.

హిందూపురమునకు చేరువనున్న కొడిగెనహళ్లి గురుకుల పాఠశాల 1972లో స్థాపితమై, ప్రవేశపరీక్షలో నెగ్గిన గ్రామీణ బాలురకు మంచి చదువు నందించి కీర్తి గడించినది. అది మనకు గర్వకారణము. కాని పరీక్షలో నెగ్గినవారు కొందరే. తక్కిన వేలమంది బిడ్డలకు గురుకులమైనను, కళాశాలయైనను తమ ఊరి బడియే. కనుక ఈ పని ఊరి బడిలోనే జరుగవలెను.

ఆడపిల్ల మాట

ఈ విద్య అందరికంటె ఎక్కువ అవసరమైనది ఆడపిల్లకు. చిన్నవయసు పెండ్లిండ్లు మన ప్రాంతమున ఇంకను సమసిపోలేదు. 2006 నాటి చట్టము ప్రకారము ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 ఏండ్లు నిండక పెండ్లి చేయరాదు. చట్టము పుస్తకములో నుండును. ఇంటిలో పెండ్లిమాటలు సాగుచున్నపుడు "నేను చదువుకొందును, నాకిపుడు పెండ్లి వలదు" అని చెప్పవలసినది పదునైదేండ్ల బాలిక. అంతవరకు ఏ చిన్న విషయమునందును తన అభిప్రాయము చెప్పి యెరుగని పిల్ల ఆ ఒక్కనాడు ఎట్లు చెప్పగలదు? తనకు ఎవరివలననైన కీడు జరిగినచో తల్లితోనో, ఉపాధ్యాయినితోనో చెప్పుటకైనను అలవాటుపడిన నోరు కావలెను. 1098 అను బాలల సహాయ దూరవాణి సంఖ్య ప్రతి బడి గోడపై నుండవలెను. దానితోపాటు, ఆ సంఖ్యకు ఫోను చేసి తన పేరును, ఊరును, కష్టమును తడబడక చెప్పు అభ్యాసమును బడిలో చేయింపవలెను.

కొన్ని సందేహములు

"పిల్లలకు మాటాడుట నేర్పినచో పెద్దలకు ఎదురుచెప్పరా?" అని కొందరు అడుగుదురు. ఎదురుచెప్పుట వేరు, కారణ మడుగుట వేరు. ఇతరులు మాటాడునపుడు వినుట, తన వంతు వచ్చువరకు ఆగుట, ఒప్పుకొనని మాటను కోపములేక కాదనుట, ఇవియన్నియు వంతుల పద్ధతిలో భాగములే. మాట నేర్పనిచోటనే కేకలు పుట్టును.

"పాఠములు పూర్తికావు" అని ఉపాధ్యాయులు చెప్పుట కలదు. వారి భారము నే నెరుగుదును. కాని పాఠమునే బిడ్డనోట చెప్పించినచో అది వేరుపని కాదు. తాను చెప్పగలిగిన పాఠమును బిడ్డ పరీక్షలో వ్రాయగలదు. విషయము లేని వాచాలత మనకు వలదు. తెలిసిన దానిని తెలియజెప్పుటయు, తెలియనిదానిని తెలియదని యొప్పుకొని అడుగుటయు మనకు కావలెను.

తల్లిదండ్రుల పాలు

బడి ఆరుగంటలు, తక్కిన కాలము ఇల్లే. సాయంకాలము బిడ్డ యింటికి రాగానే "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని మాత్రమే అడుగక, "ఈనాడు బడిలో నీవు ఏమడిగితివి?" అని అడుగుడు. పది నిమిషములు మగ్గము ఆపి, చరవాణి ప్రక్కనపెట్టి వినుడు. అంగడికి, తపాలా కార్యాలయమునకు బిడ్డను వెంట కొనిపోయి, అడుగవలసిన మాటను ఆ బిడ్డచేతనే అడిగింపుడు. అన్నతోను, పొరుగింటివానితోను పోల్చి తక్కువచేయకుడు. మీరు చదువుకొనలేదను సంకోచము వలదు. వినుటకు చదువు అక్కరలేదు.

మరియొక బాధ్యతయు కలదు. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే. సభ్యులలో సగము స్త్రీలు. ఆ సంఘపు సమావేశములో తల్లి మౌనముగా వ్రేలిముద్ర వేసి వచ్చినచో, మౌనమే మర్యాదయని బిడ్డ నేర్చును. "మా బడిలో నీళ్ల కొళాయి యేల చెడినది? ఎన్నడు బాగగును?" అని తల్లి లేచి అడిగినచో, వంద ఉపన్యాసములు నేర్పలేని పాఠమును బిడ్డ ఆనాడు నేర్చును.

సోదరులారా, సోదరీమణులారా, నేను కోరునవి మూడే. ఉపాధ్యాయులు దినమునకు పదునైదు నిమిషముల వంతులను ఈ వారముననే మొదలుపెట్టవలెను. తల్లిదండ్రులు సాయంకాలము పది నిమిషములు వినవలెను. గ్రామపెద్దలు రాబోవు గ్రామసభలో, బడిపిల్ల లిద్దరికి, అందొక బాలికకు, తమ బడి అవసరములను స్వయముగా విన్నవించు అవకాశ మీయవలెను. పిల్లలు తడబడినచో నవ్వక వేచియుండుడు. ఆ తడబాటు ఒక తరము మౌనము కరగుచున్న చప్పుడని యెంచుడు.